చేపల పులుసుకు ఆ పేరు ఎందుకు వచ్చింది?



రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దలంటారు. ఆ రోహిణి వెళ్లిన వెంటనే వచ్చేది మృగశిర కార్తె. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దానిని 'మిరుగం' అంటారు. జూన్ 7వ తేదీనో, 8వ తేదీనో మిరుగం ప్రవేశిస్తుంది. ఆ రోజు చేపలు అమ్మే చోట ఎంత గుంపు ఉంటుందో మీరు చూసే ఉంటారు. "మిరుగం నాడు చాప తినాలె" అని మన అవ్వలు చెబుతారు. పానగల్లు ఉదయసముద్రం, డిండి, మూసీ, జూరాల, నాగార్జునసాగర్ - ఏ నీటి చేప దొరికితే ఆ చేప ఇంటికి వస్తుంది. సాయంత్రానికి పొయ్యి మీద పులుసు ఉడుకుతుంది.

ఆ రోజుల్లో మీ ముక్కుకు రెండు వాసనలు తెలుస్తాయి. ఒకటి, తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే కమ్మని మట్టి వాసన. రెండవది, పచ్చి చెరువు చేపలో ఉండే బురద వాసన. మొదటి దానికి లోపలి దాకా గాలి పీలుస్తాము. రెండవ దానికి ముక్కు మూసుకుంటాము. కాని ఈ రెండూ దగ్గర చుట్టాలంటే నమ్ముతారా? ఆ చుట్టరికం బయటపడాలంటే ముందుగా మనం ఈ వంటకం పేరును విప్పి చూడాలి.

పొలుసా? పులసా? పులుపా?

ఒకసారి తొమ్మిదో తరగతిలో "చేపల పులుసును పులుసు అని ఎందుకంటారు?" అని అడిగాను. మూడు జవాబులు వచ్చాయి.

"చేపకు పొలుసులు ఉంటాయి కదా సార్, పొలుసు నుంచే పులుసు వచ్చింది" అన్నాడు ఒకడు. "గోదావరిలో పులస చేప దొరుకుతుందట, దానితో వండింది పులుసు" అన్నది ఒక అమ్మాయి. "పుల్లగా ఉంటుంది గనుక పులుసు" అన్నాడు వెనుక బల్ల మీది అబ్బాయి. మొదటి రెండు జవాబులకు తరగతి అంతా చప్పట్లు కొట్టింది. మూడవ దానికి నవ్వింది, మరీ తేలికగా ఉందని!

శాస్త్రంలో చప్పట్లను బట్టి నిజం తేలదు. పరీక్షించి చూడాలి. పులుసు అన్న మాట పొలుసు నుంచి వచ్చి ఉంటే, పొలుసులు లేని వాటితో పులుసు ఉండకూడదు. మరి వంకాయ పులుసు, బెండకాయ పులుసు, గుడ్ల పులుసు ఉన్నాయే! వంకాయకు పొలుసు లేదు. కనుక మొదటి జవాబు నిలవలేదు. పులస అనేది వరదల కాలంలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురెక్కి వచ్చే చేప. చేప పేరే వంటకానికి వచ్చిందనుకుంటే, చేపే లేని పచ్చి పులుసుకు ఆ పేరు ఎక్కడిది? రెండవ జవాబు కూడా నిలవలేదు.

ఇక మూడవ జవాబు. పులుపు, పుల్లన, పులిసిన పిండి, పులియబెట్టడం - ఈ మాటలన్నిటిలో ఒకే ధాతువు ఉంది. తమిళంలోనూ మలయాళంలోనూ పుళి అంటే పులుపు, చింతపండు కూడా. కన్నడంలో అదే హుళి అయింది. తెలుగు పాలు కన్నడంలో హాలు, తెలుగు పండు అక్కడ హణ్ణు, మన పువ్వు అక్కడ హూవు. అలాగే పుళి హుళి అయింది. పండుగ నాడు మనం తినే పులిహోరలో కూడా ఈ పులే ఉంది. పులి అంటే పులుపు, ఓగిరం అంటే అన్నం. అడవిలో తిరిగే పులికీ దీనికీ సంబంధం లేదు. తమిళంలో ఆ రెండు మాటలకు లకారాలు వేరు. జంతువు పులి, చింతపండు పుళి. పులిహోర వంటి మన మాటల్లో ఆ తేడా చెరిగిపోయింది.

వెనుక బల్ల అబ్బాయి చెప్పిందే నిజం. ఇప్పుడు ఒక సంగతి గమనించండి. ఈ వంటకం పేరులో చేప కేవలం విశేషణం. అసలు మాట పులుసు, అంటే పుల్లని నీరు. పేరు పెట్టిన మన పూర్వులు ముక్కను కాదు, ముక్క ఉడికిన నీటిని ముఖ్యంగా చూశారు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

చట్టిలో చరిత్ర పొరలు

ఫలానా వంటవాడు ఫలానా సంవత్సరంలో కనిపెట్టాడని చెప్పదగిన వంటకం కాదిది. అయినా నేలలోని పొరలను చూసి భూగర్భ శాస్త్రజ్ఞులు కాలం లెక్కగట్టినట్లు, చట్టిలోని దినుసులను చూసి మనం కొంత చరిత్ర చెప్పుకోవచ్చు.

పై పొర టమాటా, ఎండు మిరప కారం. ఈ రెండూ అమెరికా ఖండపు మొక్కలు. 1492లో కొలంబస్ అటు వెళ్లిన తరువాతనే మిగిలిన ప్రపంచానికి తెలిశాయి. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. ఆ తరువాత పోర్చుగీసు ఓడల్లో మిరపకాయ మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన వంటల్లో కారానికి మిరియాలు ఉండేవి. కొత్తగా వచ్చిన కాయకు మిరియాన్ని గుర్తుకు తెచ్చే పేరే పెట్టుకున్నాము. కాబట్టి ఎర్రని పులుసు వయసు అయిదు వందల ఏళ్లకు మించదు.

దాని కింది పొర చింతపండు. చింత మన ఊరి చెట్టే అనుకుంటాము. కాని దాని పుట్టిల్లు ఆఫ్రికా ఖండం. అది చాలా ప్రాచీన కాలంలోనే ఇక్కడికి వచ్చి నాటుకుపోయింది. అరబ్బు వర్తకులు మన దేశంలో దీనిని చూసి 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఆ మాటే ఆంగ్లంలో టామరిండ్ అయింది. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి టామరిండస్ ఇండికా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆఫ్రికా చెట్టుకు అరబ్బులు పెట్టిన పేరు, దానికి తోడు ఇండియా ఊరి పేరు! పేర్లు ఎంత దూరం ప్రయాణిస్తాయో చూశారా?

అన్నిటికంటె అడుగు పొర చేప. మనకు సముద్రం లేదు. రాతి నేల, తక్కువ వాన. అందుకే మన పూర్వులు వాన నీటిని చెరువులు కట్టి నిలిపారు. నల్లగొండ పక్కనున్న పానగల్లు కందూరు చోళుల రాజధాని. అక్కడి ఉదయసముద్రం వారి కాలపు చెరువే. ఈ కందూరు చోళులు కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు (1126-1138) సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే గ్రంథం రాయించాడు. అందులో చేపలు పట్టే వినోదం గురించీ, రాజుగారి భోజనం గురించీ వేర్వేరు ప్రకరణాలు ఉన్నాయి. ఏది సముద్రపు చేప, ఏది మంచినీటి చేప అని కూడా విడదీసి చెప్పారు.

ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా కనిపించే బొచ్చె, రోహు చేపల కథ కొత్తది. ఇవి పారే నదిలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన చెరువులో పెట్టవు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు పీయూష గ్రంథి రసాన్ని చేపకు సూదితో ఎక్కించి, అది గుడ్లు పెట్టేటట్లు చేశాడు. నేడు చెరువుల్లో వదిలే చేప పిల్లలు ఆ పద్ధతి నుంచి పెరిగిన విద్య వల్లనే లభిస్తున్నాయి. ఇక కొర్రమట్ట మాత్రం మన చెరువుల పాత కాపు. బయటి గాలిని కూడా పీల్చి బురదలో బతకగల ఈ చేప నేడు తెలంగాణ రాష్ట్ర చేప.

తొలకరి వాసన చేపలోకి ఎలా వెళ్లింది?

నేలలో స్ట్రెప్టోమైసెస్ అనే సూక్ష్మజీవులు ఉంటాయి. క్షయ రోగానికి మందైన స్ట్రెప్టోమైసిన్ వీటి నుంచే లభించింది. ఈ జీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. 1965లో గెర్బర్, లెషెవలియే అనే శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి ఆ పేరు పెట్టారు. గ్రీకు భాషలో జియో అంటే భూమి, ఓస్మె అంటే వాసన. ఎండిన నేల మీద చినుకు పడినప్పుడు సన్నని తుంపరలతో పాటు జియోస్మిన్ గాలిలోకి లేస్తుంది. తొలకరి వాసనలో ముఖ్యమైన భాగం ఇదే.

మన ముక్కు దీనిని పసిగట్టే శక్తి అద్భుతమైనది. లీటరు నీటిలో సుమారు 10 నానోగ్రాములు ఉన్నా చాలు. అంటే ఒక్క గ్రాము జియోస్మిన్ పది కోట్ల లీటర్ల నీటికి వాసన పట్టించగలదు!

చెరువు నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు కూడా ఇదే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఎండాకాలం చివర, నీరు అడుగంటి పచ్చబడినప్పుడు నాచు ఎక్కువగా ఉంటుంది. నీటిలోని జియోస్మిన్ చేప మొప్పల గుండా లోపలికి పోయి కొవ్వులో నిలిచిపోతుంది. అదే చెరువు చేపలోని బురద వాసన. మిరుగం నాడు నేల నుంచి లేచిన వాసనా, చేపలోని వాసనా ఒకే అణువు చేసిన పని. చుట్టరికం ఇప్పుడు తెలిసింది కదా!

చింతపండు చేసే పని

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. 1769లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఈ ఆమ్లాన్ని మొదటిసారి వేరుచేశాడు. చాలా పండ్లు పక్వమయ్యే కొద్దీ పులుపు తగ్గి తీపి అవుతాయి. చింతపండులో చక్కెర పెరుగుతుంది గాని టార్టారిక్ ఆమ్లం తరగదు. అందుకే పండిన చింతపండు తియ్యగానూ పుల్లగానూ ఉంటుంది. చింతచిగురులోనూ పులుపు ఉంది. అందుకే చిన్న చేపలను చింతచిగురుతో వండుతారు.

ఈ పుల్లని నీరు చట్టిలో నాలుగు పనులు చేస్తుంది.

మొదటిది, బురద వాసనను తగ్గించడం. జియోస్మిన్ అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఆమ్లం తగిలినప్పుడు ఆ అణువు నుంచి ఒక నీటి అణువు, అంటే 2 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ విడిపోతాయి. మిగిలిన పదార్థానికి వాసన లేదు. పులుపు ఎంత గాఢంగా ఉంటే, ఎంతసేపు తగిలితే ఈ మార్పు అంత ఎక్కువ. మన అమ్మలు ముక్కలకు ఉప్పు, పసుపు, చింతపండు పులుసో నిమ్మరసమో పట్టించి కాసేపు ఉంచి కడగడంలోని రహస్యం ఇదే.

రెండవది, నీచు వాసనను కట్టివేయడం. ఇది ముఖ్యంగా సముద్రపు చేపల్లోనూ, మన అంగళ్లకు వచ్చే ఎండు చేపల్లోనూ ఎక్కువ. చేప చచ్చిన తరువాత బాక్టీరియా దాని శరీరంలోని ఒక పదార్థాన్ని ట్రైమిథైల్ ఎమీన్‌గా మారుస్తుంది. అది క్షారం, గాలిలోకి సులువుగా ఎగిరే పదార్థం. ఆమ్లము, క్షారము కలిస్తే లవణం ఏర్పడుతుందని మీరు చదువుకున్నారు. ఆ లవణం గాలిలోకి ఎగరదు. ఎగరకపోతే ముక్కుకు తెలియదు. అందుకే లోకమంతటా చేపకు పులుపు తోడుంది. నెల్లూరులో మామిడికాయ, కేరళలో కుడంపులి, ఇంగ్లండులో వినిగర్, ఇంకెన్నో దేశాల్లో నిమ్మచెక్క. పండ్లు వేరు, రసాయన శాస్త్రం ఒకటే.

మూడవది, ముక్కను గట్టిపరచడం. మేక మాంసంతో పోలిస్తే చేపలో కండలను పట్టి ఉంచే పీచు తక్కువ, అది త్వరగా కరిగిపోతుంది. అందుకే చేప తొందరగా ఉడుకుతుంది, తొందరగా చితుకుతుంది. వేడి, ఆమ్లం రెండూ కలిసి మాంసకృత్తులను గడ్డకట్టిస్తాయి. పులుసు బాగా మరిగిన తరువాతే ముక్కలు వేయడం, ఆ తరువాత గరిటె పెట్టకుండా చట్టినే పట్టుకొని తిప్పడం ఇందుకే.

నాలుగవది, నిలువ. ఆమ్లంలో చాలా బాక్టీరియా త్వరగా పెరగవు. రాత్రి వండిన పులుసు తెల్లవారి చల్లబడి చిక్కగా ఉంటుంది. ఉప్పు, పులుపు ముక్క లోపలి దాకా ఇంకి రుచి పెరుగుతుంది. అయితే ఆమ్లం బాక్టీరియా పెరుగుదలను మందగింపజేస్తుంది గాని పూర్తిగా ఆపదు. మిగిలిన పులుసును చల్లని చోట ఉంచి, తినే ముందు మళ్లీ బాగా మరగనివ్వాలి.

పులుపు దాచగలదు, బాగుచేయలేదు

ఇక్కడ ఒక హెచ్చరిక. చింతపండు నీచు వాసనను కట్టివేస్తుందని తెలుసుకున్నాము. అంటే పాడైన చేప వాసనను కూడా అది దాచగలదు! వాసన పోయినంత మాత్రాన చెడిన చేప మంచిది కాదు. కొన్ని సముద్రపు చేపలు చెడినప్పుడు పుట్టే హిస్టమిన్ అనే పదార్థం ఎంత మరగించినా పోదు. అది ఒంటికి దద్దుర్లు, వాంతులు తెస్తుంది. కనుక చేపను చట్టిలో కాదు, కొనే చోటనే పరీక్షించాలి. కళ్లు నిగనిగలాడుతూ ఉబ్బుగా ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడిపోవాలి. మీ ఇంట్లో చేపలు తెచ్చే పని మీకు అప్పగిస్తే ఈ మూడూ మరచిపోకండి.

పాత్ర విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఆమ్లం లోహాలను తింటుంది. ఇత్తడి, రాగి గిన్నెలో పులుసు కాచి ఉంచితే రాగి లవణాలు కరిగి విషమవుతుంది. అందుకే పూర్వం ఆ గిన్నెలకు లోపల తగరంతో కళాయి పూయించేవారు. సత్తు గిన్నె కూడా పులుపుకు గుంటలు పడుతుంది. మట్టి చట్టికి ఆ బాధ లేదు. చేపల పులుసుకు మట్టి చట్టే తగినదని పెద్దలనేది రుచి కోసమే కాదు.

మన నీరు, మన చింతపండు

చింతపండు గురించి చెబుతూ నల్లగొండ నీటి మాట చెప్పకపోతే వెలితి. మన రాతి నేలలోని భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీరు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. మన జిల్లా పల్లెల్లో ఆ బాధ ఎంతమంది పడ్డారో మీ తాతలను అడగండి. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు బడి వయసు పిల్లలకు కొన్నాళ్లు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు. వారి మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రకటించారు. ఇది మంచి వార్తే. కాని దీనిని చూసి "పులుసు తింటే చాలు, ఏ బోరు నీరైనా తాగవచ్చు" అనుకోవద్దు. చింతపండు కొంత సాయం చేస్తుంది. రక్షణ మాత్రం ఫ్లోరైడ్ లేని నీటిదే.

మీరు చేసి చూడండి

పులుపు శక్తిని మీరే పరీక్షించవచ్చు. పసుపును కొద్ది నీటిలో కలిపి తెల్ల కాగితం మీద పూసి నీడన ఆరబెట్టండి. ఆ కాగితం మీద ఒక చుక్క సబ్బు నీరు వేయండి. పసుపు రంగు ఎర్రబడుతుంది. సబ్బు నీరు క్షారం కనుక అలా జరిగింది. ఇప్పుడు అదే మచ్చ మీద చిక్కని చింతపండు పులుసు చుక్కలు వేయండి. ఎరుపు పోయి మళ్లీ పసుపు వస్తుంది. క్షారాన్ని ఆమ్లం తటస్థం చేయడం మీ కళ్లతో చూశారు. నీచు వాసనకు చట్టిలో జరిగేది కూడా ఇటువంటిదే. అక్కడ రంగు కనపడదు, వాసన పోతుంది, అంతే తేడా.

మన పూర్వులకు టార్టారిక్ ఆమ్లం పేరు తెలియదు. జియోస్మిన్ సంగతి తెలియదు. కాని చెరువు చేపను తినదగినదిగా చేసేది పుల్లని నీరేనని వారు కనిపెట్టారు, ఆ గొప్పతనాన్ని వంటకం పేరులోనే ఉంచారు. ఈసారి మిరుగం నాడు తొలి చినుకు పడగానే ఒకసారి గట్టిగా గాలి పీల్చండి. తరువాత వంటింట్లోకి వెళ్లి చట్టి మూత తీసి మళ్లీ పీల్చండి. ఆ మట్టి వాసన పులుసులో ఎందుకు తగ్గిపోయిందో ఇంట్లోవారికి మీరే చెప్పండి.